ఉల్లేఖనములతో గీసిన శాస్త్రపటము

కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానములను చదివినవారికి ఒక సంగతి వెంటనే కంటబడును. ఆధారము లేని మాట ఒక్కటియు వ్రాయనని ఆయన ప్రతిజ్ఞ చేసినాడు. అందుచేత కాళిదాసు శ్లోకములో ఒక పదమునకు అర్థము చెప్పునప్పుడు, అది అమరములో ఉన్నదనో, విశ్వములో ఉన్నదనో, యాదవుడు చెప్పినాడనో తన ఆధారమును పేర్కొనును. ఓపిక గల విద్యార్థి ఎవడైనను ఆ పేర్లన్నిటిని వ్రాసికొని ఏ పేరు ఎన్ని మారులు వచ్చినదో లెక్కించినచో, మల్లినాథునికి ఏ గ్రంథములు చేతికందెడి దూరమున ఉండెనో చాలవరకు చెప్పగలడు. ఆ జాబితాలో అమరకోశము పై వరుసలోనే నిలుచును. అంతమాత్రమున అమరసింహుడు కాళిదాసు కన్న గొప్ప రచయిత అని ఆ విద్యార్థి తేల్చినచో విన్నవారు నవ్వుదురు.

నేటి విజ్ఞానశాస్త్రములో ఇట్టి లెక్కయే ఒక పెద్ద వ్యాపకముగా పెరిగినది. ప్రతి పరిశోధన పత్రము చివరను, అది ఏయే పూర్వ పత్రములను ఆధారము చేసికొన్నదో చెప్పెడి పట్టిక ఉండును. అందులోని ఒక్కొక్క పేర్కొనుటను ఉల్లేఖనము అనవచ్చును. లక్షలాది పత్రముల చివరనున్న ఈ పట్టికలను పోగుచేసి, ఎవరు ఎవరిని పేర్కొన్నారో, ఎవరెవరిని కలిపి పేర్కొన్నారో లెక్కించి, ఒక శాస్త్రము ఎట్లు పుట్టినది, ఎటు పెరిగినది, దాని శాఖలేవి అని పటము గీయుటయే ఉల్లేఖన విశ్లేషణ. ఈ విధముగా పలుమారులు కొలవబడిన శాస్త్రములలో వైద్య సమాచార శాస్త్రము ఒకటి. దానినే ఇటీవల ఆరోగ్య సమాచార శాస్త్రమనియు అనుచున్నారు. గ్రంథాలయము ఏ పత్రికను కొనవలెను, విశ్వవిద్యాలయము ఎవరికి ఉద్యోగమీయవలెను, ప్రభుత్వము ఏ పరిశోధనకు ధనమీయవలెను అను ప్రశ్నలు వచ్చినప్పుడు ఇట్టి లెక్కలను బల్లమీద పెట్టుచున్నారు. కావున ఆ పటములు దేనిని చూపుచున్నవో, దేనిని చూపలేవో పరిశీలించుట అవసరము.

న్యాయవాదుల నుండి వచ్చిన పద్ధతి

ఈ పద్ధతికి మూలము శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలో లేదు, న్యాయస్థానములో ఉన్నది. అమెరికాలో 1873లో ఫ్రాంక్ షెపర్డ్ అనునాతడు న్యాయవాదుల కొరకు ఒక సూచికను ప్రారంభించినాడు. ఒక పాత తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ పేర్కొన్నవో అందులో వెదకికొనవచ్చును. అంతేకాక, తరువాతి న్యాయమూర్తి ఆ పాత తీర్పును అనుసరించెనా, ప్రశ్నించెనా, కొట్టివేసెనా అనునది చిన్న గుర్తులతో చూపబడి యుండును. కొట్టివేయబడిన తీర్పును పట్టుకొని వాదమునకు దిగెడి న్యాయవాది గతి ఏమగునో చెప్పనక్కరలేదు. ఆ గుర్తులే ఆ సూచికకు ప్రాణము.

యూజీన్ గార్‌ఫీల్డ్ 1950 దశకపు ఆరంభమున జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములోని వెల్చ్ వైద్య గ్రంథాలయమున, వైద్య వాఙ్మయమునకు యంత్రములతో సూచికలు తయారు చేయు ప్రయత్నములో పనిచేసినాడు. షెపర్డ్ సూచికను గూర్చి తెలిసిన తరువాత ఆ పద్ధతిని శాస్త్రములకు అన్వయించవచ్చునని 1955లో 'సైన్స్' పత్రికలో వ్రాసినాడు. అప్పుడు ఆయన చెప్పిన ప్రయోజనము గమనింపదగినది. ఒక పాత పత్రమును ఎవరెవరు విమర్శించినారో పాఠకునికి తెలిసినచో, తప్పుడు ఫలితములను కన్నులు మూసికొని పేర్కొనుట తగ్గునని ఆయన ఆశ. 1963లో ఆయన సంస్థ ప్రకటించిన 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' 1961 నాటి 613 పత్రికల నుండి 14 లక్షల ఉల్లేఖనములను ఏరి కూర్చినది. ఆ కాలమున అది సామాన్యమైన పని కాదు. కాని న్యాయవాదుల సూచికలోని గుర్తులు మాత్రము ఇందులోనికి రాలేదు. ఎవరు ఎవరిని పేర్కొన్నారో కనబడును. మెచ్చుకొనుటకు పేర్కొన్నారో, ఖండించుటకు పేర్కొన్నారో కనబడదు. ఈ ఒక్క లోపము తరువాతి పటములన్నిటి వెంట వచ్చినది.

వైద్య సమాచార శాస్త్రము అనగా రోగి వివరములను వ్రాసి యుంచుట, అవసరమైనప్పుడు వెదకి తీయుట, రోగనిర్ణయములోను మందు నిర్ణయములోను వైద్యునికి గణనయంత్ర సహాయము కల్పించుట మొదలగు విషయములను విచారించెడి శాస్త్రము. దీని చరిత్ర చెప్పువారు సాధారణముగా 1959తో ఆరంభింతురు. ఆ సంవత్సరము రాబర్ట్ లెడ్లీ, లీ లస్టెడ్ అనువారు వైద్యుడు రోగమును గుర్తించునప్పుడు చేసెడి తర్కమును గణితరూపములో పెట్టి 'సైన్స్' పత్రికలో ప్రకటించినారు. 1962లో జర్మనీ నుండి 'మెథడ్స్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఇన్ మెడిసిన్' అను పత్రిక, 1967లో 'కంప్యూటర్స్ అండ్ బయోమెడికల్ రిసెర్చ్' అను పత్రిక వెలువడినవి. 1972లో ఇంగ్లండులోని లీడ్స్ నగరమున డి డొంబాల్, ఆయన సహచరులు తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది రోగులపై ఒక పరీక్ష నడిపినారు. గణనయంత్రము నూటికి 91.8 మంది విషయములో సరియైన రోగము చెప్పినది. అనుభవజ్ఞుడైన పెద్ద వైద్యుడు 79.6 మంది విషయములో చెప్పినాడు. 1974లో స్టాక్‌హోమ్‌లో ఈ శాస్త్రమునకు ప్రపంచ మహాసభ జరిగినది. ఆ దశకముననే స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్, రక్తములో చేరిన సూక్ష్మజీవులకు ఏ మందు ఈయవలెనో సలహా చెప్పెడి 'మైసిన్' అను కార్యక్రమమును నిర్మించినాడు.

ఇంత వరకు చరిత్ర. ఇక కొలత.

అన్నిటి కన్న సులభమైన కొలత పత్రముల సంఖ్య. ఇది ఉల్లేఖన విశ్లేషణ కాకపోయినను దాని ముంగిట నిలుచు లెక్క కాబట్టి ముందుగా చూడవలెను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము తన విషయ శీర్షికలలో 'మెడికల్ ఇన్ఫర్మాటిక్స్' అను శీర్షికను 1987లో చేర్చినది. 1987 నుండి 2006 వరకు గల 20 సంవత్సరములలో ఆ శీర్షిక క్రిందికి వచ్చిన పత్రములను డిషాజో మొదలగు పరిశోధకులు లెక్కించి 2009లో ప్రకటించినారు. మొత్తము 77 వేల పైచిలుకు; పెరుగుదల ఏటా సుమారు 12 శాతము. విద్యార్థులు 1.12ను ఆరు మారులు గుణించి చూచినచో రమారమి 2 వచ్చును. అనగా ప్రతి ఆరేండ్లకు సంవత్సరపు పంట రెట్టింపు. శాస్త్ర వాఙ్మయము పది, పదునైదు సంవత్సరములకు రెట్టింపగుచున్నదని డెరెక్ ప్రైస్ 1963లో తన గ్రంథములో చూపిన దానితో పోల్చినచో ఇది మిక్కిలి వేగము.

అయితే ఈ వేగమంతయు శాస్త్రమునదేనా? శీర్షిక పుట్టక పూర్వము వ్రాయబడిన లెడ్లీ, లస్టెడ్ల పత్రము ఈ లెక్కలో లేదు. లీడ్స్ ప్రయోగము లేదు. బారసాల జరుగని బిడ్డ ఊరి పద్దులో ఎక్కనట్లు, పేరు లేని కాలపు పరిశోధన ఈ వృద్ధిరేఖలో ఎక్కలేదు. పైగా పెద్ద శీర్షిక క్రింద ఉపశీర్షికలు కాలక్రమమున చేరుచు, మారుచు ఉండును. ఒక మండలములో రెండు ఊళ్ళు కొత్తగా కలిపి జనాభా పెరిగినదని చెప్పినట్లగును. డిషాజో బృందము లెక్కలో తప్పు లేదు. తాము ఏ శీర్షికను ఆధారము చేసికొన్నారో వారు దాచలేదు. కాని ఆ 12 శాతమును మాత్రమే చేతబట్టుకొని, శాస్త్రము ఆరేండ్లకు ద్విగుణమైనదని వ్రాసినచో, శీర్షిక పెరుగుటకును శాస్త్రము పెరుగుటకును గల తేడా చెరిగిపోవును.

శుభలేఖల లెక్క

పటము గీయుటకు ఎక్కువగా వాడబడిన పద్ధతి సహోల్లేఖనము. దీనిని 1973లో అమెరికాలో హెన్రీ స్మాల్, రష్యాలో ఇరినా మార్షకోవా వేర్వేరుగా ప్రతిపాదించినారు. ఇది కష్టమైన విషయము కాదు. ఒక ఊరిలో జరిగిన పెండ్లిండ్లన్నిటికి ఎవరెవరికి శుభలేఖలు వెళ్ళినవో జాబితాలు దొరికినవనుకొనవలెను. ఏ ఇద్దరి పేర్లు అనేక జాబితాలలో జంటగా కనబడునో, వారిద్దరు దగ్గర చుట్టములో, ఒకే వీధివారో అని ఊహించవచ్చును. ఆ ఇద్దరు ఒకరితోనొకరు మాటలాడుకొందురా లేదా అన్నది జాబితాకు తెలియదు. అట్లే ఒక పత్రము చివరను ఇద్దరు రచయితలు లేక రెండు పత్రికలు కలసి పేర్కొనబడినచో ఆ జంటకు ఒక మార్కు పడును. మార్కులు ఎక్కువైనకొలది పటములో ఆ రెండు బిందువులు దగ్గరగా జరుగును.

థియోడోర్ మోరిస్, కేథరిన్ మెకేన్ 1998లో అమెరికా వైద్య సమాచార సంఘపు పత్రికలో ప్రకటించిన పత్రము ఈ పద్ధతికి మంచి నిదర్శనము. వారు వ్యక్తులను కాక పత్రికలను బిందువులుగా తీసికొన్నారు. ఏ పత్రిక ఏ పత్రికను ఎంత పేర్కొనుచున్నదో ముందు చూచి, ఈ శాస్త్రమునకు సొంత నడిమి పత్రికల సముదాయము ఒకటి ఏర్పడినదని తేల్చినారు. వేరు శాస్త్రమనిపించుకొనుటకు అది ఒక లక్షణము. తరువాత సహోల్లేఖనములను లెక్కించి వైద్య ఇంజనీరింగు, వైద్య గణనము, నిర్ణయ సహాయము, విద్య అను ప్రధాన ప్రాంతములను గుర్తించినారు. పేరులోనే 'సమాచారము' ఉన్న ఈ శాస్త్రమునకు, గ్రంథాలయములకు సంబంధించిన సమాచార శాస్త్ర వాఙ్మయముతో గట్టి బంధము కనబడలేదని కూడ వ్రాసినారు. పేరును బట్టి బంధుత్వము కలుపుకొను అలవాటున్న వారికి ఇది మంచి మందు.

ఆ పత్రములో మిక్కిలి విలువైన సంగతి మరియొకటి. మోరిస్, మెకేన్లు ఒకే ప్రశ్నను రెండు సూచికలను అడిగినారు. ఒకటి ప్రకృతి శాస్త్రముల సూచిక, రెండవది సాంఘిక శాస్త్రముల సూచిక. రెండు పటములును ఒకటిగా రాలేదు. మొదటి దానిలో ఒక కొసను యంత్రములు, ఇంజనీరింగు, మరియొక కొసను నిర్ణయశాస్త్రము నిలిచినవి. రెండవ దానిలో ఒక కొసను సిద్ధాంతము, మరియొక కొసను వైద్యశాలలోని ఆచరణ నిలిచినవి. చూచెడి వారు మారగనే చూడబడిన శాస్త్రపు ఆకారము మారినది. ఎందరో పటకర్తలు ఒకే సూచికతో పని ముగించి, వచ్చినదే స్వరూపమని ప్రకటింతురు. వీరు అట్లు చేయలేదు. రెండు పటములను పక్కపక్కన పెట్టి తేడాను దాచకుండ చెప్పుట వారి పత్రమునకు నిలుకడ తెచ్చినది.

అయినను ఒక చిక్కు ఉన్నది. పత్రిక మొత్తమును ఒక్క బిందువుగా తీసికొన్నప్పుడు, దాని లోపల నర్సుల వ్రాతపనిని గూర్చిన వ్యాసమును, హృదయ విద్యుత్తరంగముల గణితమును గూర్చిన వ్యాసమును ఒకే గంపలో పడును.

అయిదు సంవత్సరముల తరువాత, 2003లో, జేమ్స్ ఆండ్రూస్ వైద్య గ్రంథాలయ సంఘపు పత్రికలో ప్రకటించిన పటము వ్యక్తుల పటము. అమెరికా వైద్య సమాచార కళాశాల అను గౌరవ సంస్థలోని సభ్యులలో ఎక్కువగా పేర్కొనబడిన 50 మందిని ఆయన ఎంచుకొని, 1994 నుండి 1998 వరకు వారు జంటలు జంటలుగా ఎన్ని మారులు పేర్కొనబడినారో లెక్కించినాడు. 50 మందికి 1,225 జంటలగునని గణితము చదివిన విద్యార్థి చెప్పగలడు. ఆ జంటల బలములను బట్టి ఒక్కొక్కరిని ఒక బిందువుగా పటములో నిలిపినాడు. పని శ్రద్ధతో చేయబడినది. కాని ఇక్కడ పటము గీయక ముందే సరిహద్దులు గీయబడినవి. ఒక దేశపు గౌరవ సంస్థ ఎవరిని తన లోనికి తీసికొన్నదో వారే శాస్త్రమునకు ప్రతినిధులైనారు. లీడ్స్, స్టాక్‌హోమ్, హైడెల్‌బెర్గ్ వంటి చోట్ల జరిగిన పని పటములో ఉండవలెనన్నచో అక్కడి వ్యక్తికి ముందుగా ఆ సంస్థలో పీట దొరకవలెను. కొత్తగా వచ్చిన యువకునికి ఆ పీట ఇంకను దొరకదు. అందుచేత శాస్త్రము ఎటు పెరుగుచున్నదో చెప్పగల అంచులే పటములో చెరిగినవి.

మరియొక సంగతి. ఆ కాలపు సూచికలో ఉల్లేఖనములు మొదటి రచయిత పేరు క్రిందనే చేరెడివి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయములో తయారైన 'ఇంటర్నిస్ట్' అను రోగనిర్ణయ కార్యక్రమమును గూర్చిన 1982 నాటి ప్రసిద్ధ పత్రమునకు మిల్లర్, పోపుల్, మైయర్స్ అను ముగ్గురు రచయితలు. ఆ యంత్రములో నింపబడిన వైద్య పరిజ్ఞానము ప్రధానముగా జాక్ మైయర్స్ అను వృద్ధ వైద్యునిది. సూచికలో ఆ పత్రపు పుణ్యమంతయు మిల్లర్ ఖాతాలో జమ అయినది. తన పటము ఈ శాస్త్రమును చూచుటకు ఒక దృక్కోణము మాత్రమేనని ఆండ్రూస్ స్వయముగా చెప్పినాడు. దానిని ఎత్తి వ్రాసెడి వారే ఆ మాటను వదలివేయుదురు.

మూడు ఆసుపత్రుల కథ

సహోల్లేఖనము ఎక్కడ మోసపుచ్చునో చూపుటకు ఒక ఉదాహరణ చాలును. వైద్యుడు మందుచీటీని కాగితము మీద వ్రాయుటకు బదులు నేరుగా గణనయంత్రములో ఎక్కించెడి పద్ధతి 2000 తరువాత అమెరికా ఆసుపత్రులలో విస్తరించినది. చేతివ్రాత అర్థము కాక జరిగెడి పొరపాట్లు తగ్గునని అందరి నమ్మకము. 2005లో హాన్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రి అనుభవమును 'పీడియాట్రిక్స్' పత్రికలో ప్రకటించినారు. ఇతర ఆసుపత్రుల నుండి ప్రత్యేక చికిత్సకై తరలింపబడిన 1,942 మంది పిల్లల లెక్క అది. యంత్రపద్ధతికి పూర్వము 13 నెలలలో 1,394 మందికి గాను 39 మంది, అనగా 2.80 శాతము మరణించినారు. పద్ధతి మారిన తరువాత 5 నెలలలో 548 మందికి గాను 36 మంది, అనగా 6.57 శాతము మరణించినారు. పిల్లవాడు ఆసుపత్రికి చేరి పేరు నమోదగు వరకు మందులకు ఆదేశములు ఎక్కించుటకు వీలులేకపోయినది. పూర్వము బండి దారిలో ఉండగనే సిద్ధమైయుండెడి మందులు ఇప్పుడు ఆలస్యమైనవి. నర్సులు పడక వద్ద నుండి తెర వద్దకు పోవలసి వచ్చినది.

2006లో డెల్ బెకారో మొదలగువారు సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో, అదే సంస్థ తయారుచేసిన యంత్రపద్ధతిని ప్రవేశపెట్టిన తరువాత మరణములు పెరుగలేదని అదే పత్రికలో వ్రాసినారు. అక్కడివారు పిట్స్‌బర్గ్ అనుభవము నుండి నేర్చుకొని ఆదేశపట్టికలను ముందుగా సిద్ధము చేసికొన్నారు. 2010లో లాంగ్‌హర్స్ట్ మొదలగువారు స్టాన్‌ఫర్డ్‌లోని పిల్లల ఆసుపత్రిలో మరణముల రేటు 20 శాతము తగ్గినదని వ్రాసినారు. ఒకే ప్రశ్నకు పెరిగినది, పెరుగలేదు, తగ్గినది అని మూడు జవాబులు!

ఈ విషయమును గూర్చి తరువాత వ్రాసినవారు ఈ మూడు పత్రములను ఒకచోట పేర్కొనక తప్పదు. కావున సహోల్లేఖన పటములో ఈ మూడు బిందువులు ఒకదానినొకటి ఆనుకొని కూర్చుండును. పటము మాత్రమే చూచినవానికి అవి ఒకే కుటుంబములోని అన్నదమ్ములవలె కనబడును. వాస్తవమునకు అవి ఒకే దావాలోని వాది ప్రతివాదులు. ఆసుపత్రి అధికారికి కావలసినది ఆ దావా ఎట్లు తీరినదను సంగతి: అదే యంత్రము ఒకచోట ఎందుకు కీడు చేసినది, వేరొకచోట ఎందుకు చేయలేదు? జవాబు యంత్రములో లేదు. దానిని ప్రవేశపెట్టిన రీతిలో ఉన్నది. ఆ జవాబు బిందువుల నడుమ దూరములో దొరకదు. ఉల్లేఖనముల సంఖ్యను బట్టి హాన్ పత్రమునకు గొప్ప ప్రభావమున్నదని చెప్పవచ్చును. నిజమే, కాని ఆ ప్రభావములో ఎంత భాగము అంగీకారము, ఎంత భాగము ఖండన? షెపర్డ్ సూచికలోని చిన్న గుర్తులు ఉండియుండినచో ఈ ప్రశ్నకు చోటుండెడిది కాదు.

ఇది ఈ ఒక్క శాస్త్రపు చిక్కు కాదు. మైకేల్ మొరావ్‌చిక్, మురుగేశన్ అనువారు 1975లో, భౌతికశాస్త్రములోని 30 పత్రములను చదివి వాటిలోని ఉల్లేఖనములను ఒక్కొక్కటిగా పరీక్షించినారు. సుమారు నూటికి 40 కేవలము మర్యాద కొరకు చేసినవిగా కనబడినవి. ఏడింట ఒకటి ఖండించుటకు చేసినది. ఇది తెలిసికొనుటకు వారికి సాధనము కన్నులు మాత్రమే. పత్రములను కూర్చుండి చదివినారు.

పటములో ఎక్కనివి

పేర్కొనబడినవాని సంగతి ఇట్లుండగా, పేర్కొనబడనివాని సంగతి మరింత ఆలోచింపదగినది. మైకేల్ మెక్‌రాబర్ట్స్, బార్బరా మెక్‌రాబర్ట్స్ దంపతులు జన్యుశాస్త్ర చరిత్రకు చెందిన కొన్ని పత్రములను తీసికొని, వాటి లోపలి మాటలలో కనబడు పూర్వుల ప్రభావమునకును చివరి పట్టికకును పోలిక చూచినారు. ప్రభావములలో సుమారు 30 శాతమే పట్టికలోనికి వచ్చినవని 1986లో వ్రాసినారు. ఒక భావము అందరికిని సొంతమైపోయిన తరువాత దానిని పుట్టించినవాని పేరు రాలిపోవునని సాంఘిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ అంతకు పూర్వమే చెప్పియున్నాడు. లెడ్లీ, లస్టెడ్లు వాడిన సంభావ్యతా సూత్రము థామస్ బేయిస్‌ది. ఆయన మరణానంతరము 1763లో అచ్చయినది. నేడు ఆ సూత్రమును వాడువారిలో ఎందరు 1763 నాటి పత్రమును పట్టికలో చేర్చుదురు?

దీనికి విరుద్ధముగా, 1951లో లోరీ మొదలగువారు మాంసకృత్తుల పరిమాణమును కొలిచెడి ఒక రసాయన పద్ధతిని వివరించిన పత్రము 2014 నాటికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనములతో ప్రపంచములో ప్రథమ స్థానమున ఉండెను. డి.ఎన్.ఎ. జంట మెలికల నిర్మాణమును చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రము మొదటి నూరింటిలో లేదు. లోరీ పద్ధతి ప్రయోగశాలకు అమరకోశము వంటిది.

వైద్య సమాచార శాస్త్రములో ఈ లోపము ఎక్కువ. ఏలయన దాని ఫలితములలో పెద్ద భాగము పత్రములుగా కాక, ఆసుపత్రిలో నడిచెడి ఏర్పాట్లుగా రూపొందును. 1960 దశకపు చివర మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆక్టో బార్నెట్ ప్రయోగశాలయందు 'మంప్స్' అను యంత్రభాష తయారైనది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల రోగిపత్ర వ్యవస్థ దానిమీదనే నిర్మింపబడినది. దాని సంతతి నేటికిని ఎన్నో పెద్ద ఆసుపత్రులలో పనిచేయుచున్నది. రాత్రి వేళ రోగి జ్వరమును తెరమీద ఎక్కించెడి నర్సు ఆ భాషను వాడుచున్నట్లు ఆమెకే తెలియదు. ఆమె వాడుక ఏ పట్టికలోను ఉల్లేఖనముగా పడదు. పటములో మంప్స్ చిన్న చుక్క. ఆసుపత్రిలో అది పునాది. పైగా ఈ శాస్త్రజ్ఞులు తొలినాళ్ళలో తమ పనిని ఎక్కువగా సభల సంపుటములలో ప్రకటించినారు. సూచికలు ముఖ్యముగా పత్రికలను, అందులోను ఇంగ్లీషు పత్రికలను ఏరినవి.

ఉల్లేఖనములను వదలి మాటలనే లెక్కించిన వారును ఉన్నారు. నెదర్లాండ్స్‌లో స్కూమీ, టాల్మన్, మూర్మన్, కోర్స్ అనువారు 2009లో, 16 పత్రికలలోని వ్యాసముల మాటల పోలికలను బట్టి ఈ శాస్త్రమును మూడు భాగములుగా విడదీసినారు: ఆరోగ్య సమాచార వ్యవస్థల నిర్వహణ, అనువర్తనము, మూల్యాంకనము ఒకటి, వైద్య పరిజ్ఞానమును యంత్రమునకు తెలియజెప్పు రీతి రెండవది, సంకేతముల, దత్తాంశముల విశ్లేషణ మూడవది. 1998 నాటి పటములో ప్రాంతముగా నిలిచిన 'విద్య' ఇందులో సొంత భాగముగా లేదు. పదేండ్లలో విద్య తగ్గినదా, లేక విద్యను గూర్చి వ్రాయువారి మాటలు ఇతరుల మాటలలో కలిసిపోయినవా? పద్ధతియు కాలమును రెండును మారినందున ఈ రెండు పటముల నుండి జవాబు రాదు. వృద్ధిని చూపుదుమనెడి పటములలో తరచుగా జరుగు పని ఇదే: నిన్న ఒక కొలబద్దతో, నేడు వేరొక కొలబద్దతో కొలిచి, తేడాను వృద్ధి అనుట.

గార్‌ఫీల్డ్ మాత్రము తన సాధనమును ఒక కఠిన పరీక్షకు పెట్టినాడు. జన్యు సంకేతమును గూర్చి ఐజాక్ అసిమోవ్ వ్రాసిన జనరంజక గ్రంథము నుండి 40 ఘట్టములను తీసి, ఏ ఘట్టము దేనికి దారితీసినదని అసిమోవ్ చెప్పినాడో ఒక పటముగా గీసినాడు. అవే ఘట్టములకు సంబంధించిన పత్రముల ఉల్లేఖనములను బట్టి రెండవ పటము గీసినాడు. షెర్, టార్పీలతో కలసి 1964లో ఫలితము ప్రకటించినాడు. చరిత్రకారుడు చెప్పిన సంబంధములలో సుమారు 65 శాతము ఉల్లేఖనములలోను కనబడినవి. మిగిలినవి కనబడలేదు. చరిత్రకారుడు చెప్పని సంబంధములు కొన్ని ఉల్లేఖనములలో కొత్తగా బయటపడినవి. ఏ పటము తప్పు అని ఆయన వాదింపలేదు. రెండును కలిసినచోటను, విడిపోయినచోటను వ్రేలు పెట్టి చూపినాడు.

వైద్య సమాచార శాస్త్రమునకు ఇట్టి పరీక్ష జరుపుటకు కావలసిన సామగ్రి లేకపోలేదు. 1987లో, ఆ శీర్షిక సూచికలోనికి వచ్చిన సంవత్సరముననే, ఈ శాస్త్రపు తొలితరమువారు బెథెస్డాలోని జాతీయ వైద్య గ్రంథాలయమున సమావేశమై, ఏ పని దేని నుండి పుట్టినదో తమ నోట చెప్పుకొన్నారు. ఆ ప్రసంగములు బ్లమ్, డంకన్ల సంపాదకత్వమున 1990లో సంపుటముగా వెలువడినవి. ఆ సంపుటమును ఒక చేతను, ఆండ్రూస్ 50 బిందువుల పటమును మరియొక చేతను పట్టుకొని, ఒక్కొక్క గీతను సరిచూడవలసి యున్నది.